ఫ్యాను ఆపి విన్న మనిషి

అశోక్‌నగర్ టీచరమ్మ పోయింది. మంగళవారం పొద్దున నేను చీపురు, నీళ్ళ బకెట్టు పట్టుకుని మెట్లెక్కబోతుంటే వాచ్‌మన్ అడ్డం వచ్చి చెప్పాడు. "అవ్వా, ఇయ్యాల మెట్లు కడగకు. టీచరమ్మ పోయింది. తెల్లారి చూస్తే కుర్చీలనే ఉందంట" అన్నాడు. నేను బకెట్టు కింద పెట్టలేదు. ఆ నీళ్ళతోనే రెండో అంతస్తు దాకా ఎక్కాను. చేతిలో ఏదో ఒక బరువు ఉంటేనే నాకు మెట్లెక్కడం వచ్చు.

నాకు చదువు రాదు. జిరాక్సు షాపులో పనిచేసే మా కోడలు, నేను చెప్తుంటే ఇది రాస్తోంది. నా మాటలు కొన్ని సరిచేస్తానంటే ముందు వద్దన్నాను, తర్వాత సరే అన్నాను. చదివేవాళ్ళకు అర్థం కావాలి కదా. టీచరమ్మను తలుచుకోవాలి. తలుచుకుని, మీ ముందు ఒక మాట పెట్టాలి. ఆ మాట కోసమే ఇదంతా చెప్తున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ.

ఆమె నారాయణగూడలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేది. రిటైరైన తర్వాత ఒంటరిగా ఉండేది. నేను పాలమూరు నుంచి వచ్చినదాన్ని. చిక్కడపల్లి, దోమలగూడ, హైదర్‌గూడ సందుల్లో లేచిన బిల్డింగులకు ఏళ్ళకేళ్ళు తట్టలు మోశాను. మోకాళ్ళు అరిగిపోయాక చీపురు పట్టాను. నేను మాలు మోసి కట్టిన బిల్డింగులోనే మెట్లు కడిగే పని దొరికింది. మాలు అంటే సిమెంటు, కంకర, ఇసుక కలిపింది. మేము వరసగా నిలబడి, తట్ట చేతులు మారుతుంటే దానికి తగ్గట్టు ఒక పదం పాడతాం. తట్ట తప్పకుండా ఆ పదమే చేతుల్ని నడిపిస్తుంది. మెట్లు రుద్దుతున్నా నా నోట అదే వస్తుంది.

ఒకరోజు టీచరమ్మ కూరగాయల సంచితో దిగుతూ ఆగింది.

"ఏందది ఎల్లమ్మా, పాటనా?"

"పాట గాదు. ఈ మెట్లకు మాలు మోసినప్పటి పదం."

"ఈ మెట్లకా?"

"ఈ మెట్లకే. ఇప్పుడు నువ్వు నిలవడ్డవే, దానికే."

ఆమె తను నిలబడిన మెట్టు కేసి చూసుకుంది. కూరగాయలకు పోలేదు. మళ్ళీ పైకెక్కింది. మర్నాడు నన్ను లోపలికి పిలిచింది. నేను తలుపు దగ్గర కింద కూర్చోబోతే ఒప్పుకోలేదు. "నేను గూడ కింద కూసుంటే నన్ను లేపెటందుకు ఇద్దరు మనుషులు కావాలె. నువ్వే కుర్చీల కూసో" అంది. అన్ని బిల్డింగులు కట్టాను, అన్ని ఇళ్ళు కడిగాను. ఒక ఇంటి కుర్చీలో కూర్చోవడం నాకు అదే మొదలు. అంచు మీదే కూర్చున్నాను. ఆమె నవ్వలేదు. ఇంకొంచెం వెనక్కి జరుగు, పడతావు అని మాత్రం అంది.

వినడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. ముందు ఫ్యాను ఆపేది. కిటికీలు మూసేది. పొయ్యి మీద కుక్కరుంటే దించేది. ఒక స్టీలు గ్లాసులో చేతిరుమాలు మడిచి పెట్టి, అందులో ఫోను నిలబెట్టేది. ఎండాకాలంలో కూడా అంతే. ఇద్దరం చెమటలు కక్కుకుంటూ కూర్చునేవాళ్ళం. బయట బండి హారన్ కొట్టినా, పక్కింట్లో మిక్సీ తిప్పినా చెయ్యి ఎత్తేది. "ఆగు ఎల్లమ్మా. చప్పుడు పోయినంక మళ్ళ చెప్పు" అనేది. మళ్ళీ చెప్పేదాన్ని. నా మాట ఇంకొకసారి చెప్పమని నా బతుకులో అంతకుముందు ఎవరూ అడగలేదు. ఒక్కసారి చెప్తేనే ఎక్కువైందనేవాళ్ళు.

రికార్డు చేసినదంతా మొదట నాకే వినిపించేది. అది ఆమె నియమం. "నువ్వు విని సరే అన్నంకనే ఇది బయటికి పోతది" అనేది. నా గొంతు నేను మొదటిసారి విన్నప్పుడు ఎవరో ముసలిదాన్ని తెచ్చి కూర్చోబెట్టిందనుకున్నాను.

ఆమె పని ఏమిటంటే, మా సందులన్నీ కంప్యూటర్‌లో పటంగా గీయించింది. ఆ పటంలో ఒక బిల్డింగు మీద వేలు పెడితే, దాన్ని కట్టిన మనిషి మాట్లాడాలి. అడ్డా మీద పని కోసం నిలబడే ఆడవాళ్ళను, ముసలితనానికి ఊరికి మళ్ళిన వాళ్ళను, అందరినీ పట్టుకుంది. ఊళ్ళకు బస్సులో పోయి మరీ విని వచ్చింది. "ఇల్లు ఎవరిది అంటే ఓనర్ పేరు చెప్తరు. ఎవరు కట్టిన్రు అంటే నోరు తెరవరు" అని ఆమె ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

అన్నీ సరిగ్గానే చేసిందని చెప్పను. మొదట్లోనే పెద్ద తప్పు చేసింది. చిక్కడపల్లిలో ఒక హాలు తీసుకుని అందరికీ చూపిస్తానంది. అడ్డా ఆడవాళ్ళమంతా పెట్టెల్లో ఉన్న మంచి చీరలు కట్టుకుని పోయాం. గోడల నిండా బట్ట బోర్డులు. మా ఫోటోలు, ఫోటోల కింద బారెడు బారెడు రాతలు. ఒక బల్ల మీద కంప్యూటర్లు పెట్టి, చెవులకు తగిలించుకునేవి పెట్టారు. వాటి దగ్గర కాలేజీవాళ్ళు గుంపు కట్టారు. మావాళ్ళు బోర్డుల ముందు నిలబడి తమ ముఖాల్ని తామే తడిమి చూసుకున్నారు. ఒక్కరికీ అక్షరం రాదు. ఒకామె నా చెవిలో, "మన గురించి ఏం రాసిండ్రో, మంచిగనే రాసిండ్రా?" అని అడిగింది. సమోసా తిని, చాయ్ తాగి, బిడియపడుతూ వెళ్ళిపోయారు.

నాకు మండింది. పెద్దమనుషుల ముందే అడిగేశాను. "టీచరమ్మా, మా నోట్లెకెల్లి తీసి మాకు తెల్వని పెట్టెల పెట్టినవు. ఇది ఎవరికి చూపెట్టనీకె?" ఆమె ఒక బోర్డు ముందు నిలబడి మెల్లగా దాన్నే చదువుకుంది. ఆ మర్నాడు ఫ్యాను ఆపి, ఫోను పెట్టకుండా, నా ఎదురుగా కూర్చుంది. "చదువుకున్నోళ్ళకే అందితే అది పంచినట్టు కాదు. దాచినట్టే" అంది. నాతో కాదు, తనతోనే అనుకున్నట్టు అంది.

తర్వాత ఆమె చేసిన పని ఇప్పటికీ మా బస్తీలో చెప్పుకుంటారు. సందుల్లో ఉల్లిగడ్డలు అమ్మే ట్రాలీ ఆటో ఉంటుంది కదా, పైన మైకు కట్టి రికార్డు వేసుకుంటూ తిరిగేది. దాన్ని ఒక ఆదివారం కిరాయికి మాట్లాడింది. మైకులో ఉల్లిగడ్డల మాట తీసేసి మా పదాలు పెట్టింది. తను ముందర డ్రైవర్ పక్కన కూర్చుంది, నన్ను వెనక గోతాల మీద కూర్చోబెట్టింది. అశోక్‌నగర్ సందులో ఆటో తిరుగుతుంటే బాల్కనీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఒకామె మూడో అంతస్తు నుంచి బుట్ట దించి, "ఉల్లిగడ్డ ఎంత?" అని అరిచింది. టీచరమ్మ ఆటోలోంచి తల బయటపెట్టి, ఎంతో మర్యాదగా, "ఉల్లిగడ్డలు లేవమ్మా. మీ ఇల్లు కట్టినోళ్ళు మాట్లాడుతున్నరు, జర వినండి" అంది. ఆమె బుట్ట లాక్కుంది. కానీ లోపలికి పోలేదు. గ్రిల్లు పట్టుకుని సందు చివర దాకా విన్నది. అడ్డా దగ్గర ఆటో ఆగినప్పుడు మావాళ్ళు చుట్టూ మూగారు. ఊరికి పోయిన ఒకామె గొంతు మైకులో రాగానే ఆమె చెల్లెలు తట్ట కింద పడేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాతే గేట్లకు స్టిక్కర్లు అతికించడం మొదలైంది. నల్ల గడులున్న చదరపు స్టిక్కరు. ఫోను దాని ముందు పెడితే ఆ బిల్డింగు కట్టినవాళ్ళ మాట వినిపిస్తుంది. మా కోడలి షాపులోనే అచ్చు వేయించింది. చాలామంది ఒప్పుకున్నారు. కొందరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

ఇక అసలు సంగతి చెప్తాను. మూడు సందుల అవతల ఒక నాలుగంతస్తుల బిల్డింగు ఉంది. ఇప్పుడు దాంట్లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల హాస్టలు నడుస్తోంది. ఆ బిల్డింగుకు మూడో స్లాబు పోసిన రోజున నా తోటికోడలు పోయింది. నేను అక్క అని పిలిచేదాన్ని. నన్ను ఊరి నుంచి బస్సెక్కించి తెచ్చింది ఆమె. తట్ట కింద చుట్టబట్ట ఎట్లా చుట్టుకోవాలో, మెడ నిలబెట్టి నిచ్చెన ఎట్లా ఎక్కాలో నేర్పింది ఆమె. నా కొడుకు పుట్టినప్పుడు నా వంతు తట్టలు కూడా ఆమే మోసింది.

స్లాబు పని తెలియనివాళ్ళకు ఒకటి చెప్పాలి. మొదలుపెట్టిన స్లాబు మధ్యలో ఆపరు. ఆపితే అక్కడ అతుకు పడుతుంది, రేపు వాన నీళ్ళు ఆ అతుకులోంచే దిగుతాయి. అందుకే ఆ రోజు అన్నం కూడా వంతులవారీగా తింటాం. ఆ రోజు మధ్యాహ్నం దాటాక ఒక మూలన కింది కర్రలు జారి, స్లాబును మోసే చెక్కల సెంట్రింగ్ కుంగింది. అక్క తట్టతో సహా కిందికి పోయింది. ఆటోలో వేసుకుపోయారు. ఆ మూలకు కొత్త కర్రలు నిలబెట్టారు. మేస్త్రి పైకి చూసి, "మాలు గట్టివడ్తది, లైన్ కట్టుండ్రి" అన్నాడు.

మేము లైన్ కట్టాం. నేను కట్టాను. అక్క నిలబడిన చోటు ఖాళీగా ఉంటే ఒక అడుగు జరిగి ఆ చోటు నేను నింపాను. ఆమె తల మీది చుట్టబట్ట ఇనుప చువ్వల మధ్య పడి ఉంది. పాత చీర ముక్క, ఆకుపచ్చది. తీద్దామని వంగేలోపు వెనక నుంచి తట్ట వచ్చింది. దాని మీదనే పోశాను. పొద్దు గూకే ముందు స్లాబు పూర్తయ్యాక తెలిసింది, అక్క ఆటోలోనే పోయిందని.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నా కొడుక్కీ చెప్పలేదు. టీచరమ్మకు చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు. బయట బండ్లు పోతూనే ఉన్నాయి, చప్పుడు పోయాక చెప్పమనలేదు. చివర్న, ఆమె పేరేమిటని అడిగింది. మా ఇంట్లో పెద్ద కోడలి పేరు చిన్న కోడలు పలకదని చెప్పాను. అది నిజమే, మా ఇంటి ఆనవాయితీ అది. కానీ అసలు కారణం అది కాదు. ఆమె బట్ట మీద మాలు పోసిన చేతులు నావి. ఏ నోటితో ఆమె పేరు చెప్పను? టీచరమ్మ రెండోసారి అడగలేదు. "సరే, అక్క అనే ఉండనీ" అంది. అంతా నాకు వినిపించింది. నేను విని, ఉంచమన్నాను.

ఆ గేటుకు స్టిక్కరు పడిన వారానికే హాస్టల్ బిల్డింగు అసోసియేషన్ సెక్రటరీ టీచరమ్మ ఇంటికి వచ్చాడు. నేను హాలు తుడుస్తున్నాను.

"మేడమ్, మీరు చదువుకున్నోళ్ళు. పిల్లలు పరీక్షలకు చదివే జాగ అది. గేటుకు సావు కథ అతికిస్తరా?"

"జరిగిందే ఉంది దాంట్లో" అంది టీచరమ్మ.

"జరిగిందని కాయితం ఉన్నదా? పోయినామె పేరేంది? పేరు లేదు, ఊరు లేదు. అక్క అంట. ఎవరికి అక్క?"

నేను తుడుపు గుడ్డ బకెట్టులో వేసి లేచాను. "నాకు" అన్నాను.

"అవ్వా, నీ పని నువ్వు చూసుకో."

"నా పని చూసుకుంటనే చెప్తున్న. నీ బిల్డింగు నా పనే."

అతను పోయాడు. తర్వాత వకీలు నోటీసు వచ్చింది. అప్పటికే టీచరమ్మకు గుండె బాగాలేదు, మాత్రల డబ్బా ఎప్పుడూ పక్కనే ఉండేది. ఒకరోజు మా కోడలు ఆ గేటు ముందు నుంచి పోతూ ఫోను పెట్టి చూసింది. ఏమీ రాలేదు. తెల్ల పేజీ. ఇంటికి వచ్చి నాకు చెప్పింది. నేను అప్పటికప్పుడే పోయి ఎవరు తీశారని అడిగాను. టీచరమ్మ, "నేనే" అంది.

"పెట్టెటప్పుడు నన్ను అడిగితివి. తీసెటప్పుడు ఎందుకు అడగలే?"

"భయమైంది ఎల్లమ్మా" అంది.

అంతకు మించి ఒక్క మాట చెప్పుకోలేదు. ఏదైనా సాకు చెప్పి ఉంటే నేను అరిచేదాన్ని. చెప్పలేదు కాబట్టి అరవలేదు. ఆ రోజు నుంచి ఆమె గడప తొక్కలేదు. రెండు నెలలు. మెట్లు కడిగేదాన్ని, బకెట్టు కావాలని చప్పుడు చేసేదాన్ని. నా బకెట్టు చప్పుడు వినగానే ఆమె తలుపు తెరుచుకునేది. లోపల ఫ్యాను ఆగి ఉండేది. నా కుర్చీ ఖాళీగా, తన కుర్చీలో తను, మధ్యలో స్టీలు గ్లాసు. చూసీ చూడనట్టు నీళ్ళు కొట్టి దిగిపోయేదాన్ని. తప్పు ఆమెదే అని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఆ రెండు నెలలు ఎవరి తప్పో నాకు తెలుసు.

సోమవారం ఆమె గడప దాటి మెట్ల మీదికి వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది. తన తరఫున ఒక వకీలును కలిశానంది. పోయినామె పేరు ఉంటే ఆ మాట నిలబడుతుందని చెప్పాడట. "ఆమె పేరు చెప్పు ఎల్లమ్మా. రేపే మళ్ళ పెడ్త. దాని కింద నా పేరు రాస్త. ఏం వచ్చినా నా మీదికే రానీ" అంది.

నేను తలెత్తలేదు. "నీ భయం పోయినంక చెప్త" అన్నాను.

ఆమె, "నాది పోయింది. ఇగ నీదే ఉన్నది" అంది. మెల్లగా లోపలికి పోయింది. తలుపు మూయలేదు.

మంగళవారానికి ఆమె లేదు.

తర్వాత నారాయణగూడ కాలేజీలో సంతాప సభ పెట్టారు. మంచి మాటలే చెప్పారు. ఆమె పని అంతా కాలేజీలో భద్రంగా ఉంటుందని, పరిశోధన చేసేవాళ్ళు లెటర్ రాసి పర్మిషన్ తీసుకుని వినవచ్చని ఒక సారు చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను. లెటర్ రాయరానోళ్ళు ఎట్లా వినాలని అడిగాను. మీకు మాత్రం ప్రత్యేకంగా వినిపిస్తామమ్మా అన్నాడు. నాకెందుకు వినిపించడం? నా గొంతు నాకు తెలియదా?

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ పత్రిక చదివేవాళ్ళలో ఆ కాలేజీవాళ్ళు ఉంటారు, ఆ కాలేజీలో చదివినవాళ్ళు ఉంటారు. మా మాటలకు తాళం వేయకండి. టీచరమ్మ ఒకసారి ఆ తప్పు చేసింది, దిద్దుకుంది. దిద్దుకున్న తప్పును ఆమె పేరు మీద మళ్ళీ చేయకండి. స్టిక్కర్లు గేట్లకే ఉండాలి. ఆటో మైకులో అడ్డా దాకా రావాలి. హాస్టల్ బిల్డింగు దగ్గర తీసేసినది మళ్ళీ పెట్టాలి. నేను స్లాబు ఆపకుండా లైన్‌లో నిలబడిన మాట కూడా దాంట్లో ఉంది. అది కూడా ఉండాలి. అందరూ వినాలి. ఆ హాస్టల్లో చదువుకునే పిల్లలు ముందుగా వినాలి, వాళ్ళు పడుకునే గది పైకప్పు అదే. పేరు లేదని అన్నారు కదా. పేరు ఉంది.

టీచరమ్మ పోయిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను.

బకెట్టుతో పైకెక్కేసరికి హాలు నిండా మనుషులు. హైదర్‌గూడ నుంచి ఆమె తమ్ముడి ఇంటివాళ్ళు వచ్చారు. ఆమెను ఐసు పెట్టెలో పడుకోబెట్టారు. పైన ఫ్యాను జోరుగా తిరుగుతోంది. స్టీలు గ్లాసు కిటికీ దగ్గర ఉంది, దాంట్లో రుమాలు ఉంది, ఫోను లేదు. ఆ ఫోనుతోనే ఎవరో చుట్టాలకు కబురు చెప్తున్నారు. నా కుర్చీలో సంచులు పెట్టారు. నేను బకెట్టు దించి, సంచులు కింద పెట్టి, కుర్చీని ఆమె తల దగ్గరికి జరుపుకున్నాను. తర్వాత గోడ దగ్గరికి పోయి ఫ్యాను బంద్ చేశాను.

ఉక్కపోస్తుంటే ఎందుకు ఆపారని ఎవరో అడిగారు. "ఈ చప్పుడుకు ఆమెకు వినవడదు" అన్నాను. ముసలిది ఏదో అంటోందిలే అని వదిలేశారు. ఫ్యాను రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి ఆగాయి. నేను కుర్చీలో కూర్చున్నాను. అంచు మీద కాదు, వెనక్కి జరిగి కూర్చున్నాను. పెట్టె అద్దం మీద వంగి చెప్పాను.

"మణెమ్మ. మా అక్క పేరు మణెమ్మ."

ఐసు పెట్టె గుర్రుమంటూనే ఉంది. చెమట నా చెంపల మీదుగా కారుతోంది. చప్పుడు పోయాక మళ్ళీ చెప్పమంటుందేమోనని చాలాసేపు అట్లాగే కూర్చున్నాను.